హక్కులన్నీ గంపగుత్తగా (రికార్డు పాట కథ – 9)

1969 సెప్టెంబరు 27న కలకత్తా ‘స్టేట్స్‌మన్’ పత్రికలో ఒక ప్రకటన పడింది. మామూలు పాఠకుడి కన్ను ఆగేంత విశేషం అందులో ఏమీ లేదు. సినిమా హాళ్లు మొదలుకొని నలుగురూ చేరే చోట్ల పాటలు వినిపించేవాళ్లు ఏయే సందర్భానికి ఎంతెంత రుసుము కట్టాలో చెప్పే పట్టిక అది. ఇచ్చింది ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ. అందరూ ఐపీఆర్ఎస్ అంటారు. అది పుట్టి అప్పటికి నెల దాటి నాలుగైదు రోజులే. సంగీత దర్శకులు, గీత రచయితలు, సంగీత ప్రచురణకర్తలు కలిసి ఆగస్టు 23న రిజిస్టరు చేయించుకున్న సంఘం. నవంబరు 29న అదే పట్టిక భారత ప్రభుత్వ గెజెట్‌లో కూడా అచ్చయింది.

సినిమా హాళ్లవాళ్లు, నిర్మాతలు భగ్గుమన్నారు. దేశం నలుమూలల నుంచి వాళ్ల సంఘాలు కాపీరైట్ బోర్డుకు అభ్యంతరాలు పంపాయి. వాళ్ల వాదన ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది. హాలు యజమాని సినిమాకు డబ్బు కట్టి తెచ్చుకున్నాడు. పాట ఆ సినిమాలోనిదే. దానికి విడిగా ఇంకొకరికి మళ్లీ ఎందుకు కట్టాలి? నిర్మాతలు ఇంకో మెట్టు పైకెక్కి మాట్లాడారు: పాట రాయించింది మేము, బాణీ కట్టించింది మేము, అడిగిన పారితోషికం ఇచ్చింది మేము. ఇక వాళ్లకు మిగిలిన హక్కేమిటి?

ఆ ప్రశ్నకు ఈ దేశంలో పూర్తి జవాబు రావడానికి నలభై ఏళ్లకు పైనే పట్టింది. ఇన్నాళ్లూ రికార్డులు ఎలా తయారయ్యాయో, ఎలా ఊరూరా పాకాయో చెప్పుకున్నాం. ఆ రికార్డు మీద వచ్చిన డబ్బు ఎవరి జేబులోకి వెళ్లిందో ఈ భాగంలో చూద్దాం.

పాటను పదిమందిలో వినిపించినప్పుడల్లా దాన్ని రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకు కొంత ముట్టాలన్న ఆలోచన పారిస్‌ది. 1847లో ఎర్నెస్ట్ బూర్జే అనే గీత రచయిత ఒక పేరున్న కేఫ్‌కు వెళ్లాడు. అక్కడ వినిపిస్తున్నది ఆయన పాటే. బిల్లు చేతికిచ్చేసరికి కట్టనన్నాడు. నా పాటకు మీరేమీ ఇవ్వడం లేదు, మీ పానీయానికి నేనెందుకివ్వాలి అన్నది ఆయన మాట. గొడవ కోర్టుకెక్కింది, ఆయనే గెలిచాడు. 1851 నాటికి ఫ్రాన్సులో రచయితల, స్వరకర్తల తరఫున రుసుము వసూలు చేసే సంఘం ఏర్పడింది. లండన్‌లో అలాంటిదే 1914లో వచ్చింది. మన దేశంలో ఐపీఆర్ఎస్ పుట్టేవరకూ ఈ వసూళ్లు చూసింది ఆ లండన్ సంఘమే. అంటే ఇంగ్లీషు పాటలు కట్టినవాళ్ల హక్కును ఇక్కడ అడిగే దిక్కు ఉండేది గానీ, మన పాటలు కట్టిన మనవాళ్లకు ఆ దిక్కు లేదు.

ఇంకొంచెం వెనక్కి, 1902కు వెళ్లాలి. ఆ సంవత్సరం రెండు సంగతులు జరిగాయి. అవి ఒకదానికొకటి ఏమాత్రం సంబంధం లేనివి. కానీ మన పాట తలరాతను ఆ రెండూ కలిసే రాశాయి.

మొదటిది ఈ ధారావాహిక పాఠకులకు తెలిసిందే. గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో దిగి, నవంబరులో గౌహర్ జాన్ పాటను మైనం పలక మీదికెక్కించాడు. ఒక్క సిట్టింగుకు ఆమె మూడు వేల రూపాయలు అడిగిందంటారు. మైనం పలకలు ఓడెక్కి జర్మనీలోని హానోవర్‌కు వెళ్లాలి. అక్కడి పనివాళ్లకు ఆ గొంతు ఎవరిదో ఎలా తెలుస్తుంది? అందుకే పాట అయిపోగానే గాయకులు తమ పేరును ఇంగ్లీషులో చెప్పేవాళ్లు. ఆ రికార్డులో గౌహర్ జాన్ పేరు ఆమె నోటితోనే ఈనాటికీ వినొచ్చు. పలక మీద పేరైతే మిగిలింది. కాని ఆ గొంతు మీద ఆమెకు చట్టం ఇచ్చిన హక్కంటూ ఏదీ లేదు. అడిగిన మొత్తం చేతిలో పడిందంటే లెక్క తీరిపోయినట్టే.

రెండోది లండన్‌లో జరిగింది. అక్కడి వీధుల్లో దొంగ అచ్చు పాటల కాగితాలు కుప్పలుగా అమ్ముడవుతుంటే, వాటిని పోలీసులు జప్తు చేసుకోవడానికి వీలుగా 1902లో ఒక చట్టం తెచ్చారు. సంగీతం అంటే ఏమిటో అందులో నిర్వచించారు: స్వరాల వరుస గానీ, వాటి మేళవింపు గానీ, రెండూ కలిసి గానీ, అచ్చులోనో రాతలోనో మరో గీతల రూపంలోనో కాగితం మీదికి ఎక్కినది. పట్టుకోవాల్సినవి కాగితాలే కాబట్టి ఆ నిర్వచనం ఆ పనికి సరిగ్గా సరిపోయింది.

యాభై అయిదేళ్ల తర్వాత స్వతంత్ర భారతం తన సొంత కాపీరైట్ చట్టం రాసుకుంది. 1957 నాటి ఆ చట్టం 1958 జనవరి 21 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో సంగీతానికి ఇచ్చిన నిర్వచనం దాదాపు అదే! గురువు నోటి నుంచి శిష్యుడి నోటికి కీర్తన దిగే దేశంలో, రాగం విప్పేటప్పుడు ఈ పూట పలికిన సంగతి రేపు పలకని దేశంలో, హార్మోనియం ముందు కూర్చుని గాయకురాలికి పాడి వినిపిస్తూ బాణీ నేర్పే సంగీత దర్శకుల దేశంలో, కాగితం మీద ఉంటేనే సంగీతం అన్నారు. దొంగ అచ్చులు పట్టుకోవడానికి పుట్టిన ఆ వాక్యాన్ని మన సంగీతానికి కొలబద్ద చేయడం మన చట్టసభలు చేసిన పెద్ద పొరపాటని నా గట్టి నమ్మకం. గాయకుల మాట ఆ చట్టంలో అసలే లేదు.

చట్టంలోనే కాదు, రికార్డు మీద కూడా గాయకుల పేరు దొరకని రోజులవి. 1949లో ‘మహల్’ సినిమా వచ్చింది. ‘ఆయేగా ఆనేవాలా’ పాట దేశాన్ని ఊపేసింది. రికార్డు మధ్య గుండ్రటి లేబుల్ మీద గాయని పేరున్న చోట అచ్చయిన అక్షరాలు ‘కామిని’. అది తెర మీద మధుబాల వేసిన పాత్ర పేరు. పాడినది ఎవరని శ్రోతలు రేడియోకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తే, రేడియో వాళ్లు రికార్డు కంపెనీని అడిగి చెప్పారు, లతా మంగేష్కర్ అని.

లత ఆ సంగతి మరచిపోలేదు. 1960ల మొదట్లో, రికార్డు అమ్మకాల మీద గాయకులకు రాయల్టీ రావాలని ఆమె పట్టుబట్టారు. అప్పటి పద్ధతి ఇది: సినిమా పాటల రికార్డుకు రాయల్టీ కంపెనీ నుంచి నిర్మాతకు వెళ్లేది. సంగీత దర్శకుడు, రచయిత, గాయకుడు నిర్మాత ఇచ్చిన పారితోషికంతో సరిపెట్టుకోవాలి. బాగా పేరున్న కొద్దిమంది తమ పలుకుబడితో వాటా రాబట్టుకునేవాళ్లు. లత తనకోసమే అడిగి ఊరుకోలేదు, అందరికీ ఇమ్మన్నారు. మహమ్మద్ రఫీ ఆ వాదంతో ఏకీభవించలేదు. పాట పాడాం, డబ్బు తీసుకున్నాం, అక్కడితో మన బాధ్యతా తీరింది, మన హక్కూ తీరిందన్నది ఆయన అభిప్రాయం. మాటా మాటా పెరిగి కొన్నేళ్లపాటు ఇద్దరూ కలిసి పాడలేదు. రఫీ మంచితనం గురించి ఎన్ని చెప్పుకున్నా తక్కువే. అయినా ఈ విషయంలో న్యాయం లత వైపే ఉంది. నెగ్గుకు రాగలిగిన రఫీ లాంటివారికి రాయల్టీ లేకపోయినా గడుస్తుంది. నాలుగు పాటలు పాడి తెరమరుగైన గాయనికి, ఆ నాలుగు పాటలూ నలభై ఏళ్లు మోగుతున్నా పైసా రాదు కదా.

ఇలాంటి కాలంలో ఐపీఆర్ఎస్ ప్రకటన వెలువడింది. కాపీరైట్ బోర్డు మూడేళ్లు విచారించి 1973 జనవరి 6న నిర్ణయం చెప్పింది. హక్కులు నిర్మాతకు రాసిచ్చినట్టు రుజువు లేనంతవరకూ, పాటను బహిరంగంగా వినిపించే హక్కు రచయితలవద్ద, స్వరకర్తలవద్ద ఉన్నట్టే. రుసుము అడిగే అధికారం సంఘానికి ఉంది. ఆ ఆనందం ఏడాది నిలిచింది. 1974 ఫిబ్రవరి 13న కలకత్తా హైకోర్టు దాన్ని తిరగేసింది. సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది. జస్టిస్ జస్వంత్ సింగ్, జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్‌ల ధర్మాసనం 1977 మార్చి 14న తీర్పు చెప్పింది.

ఆ తీర్పు తిరిగినదంతా చట్టంలోని పదిహేడో సెక్షన్ చుట్టూనే. ఎవరైనా డబ్బిచ్చి ఫొటో తీయించుకున్నా, చిత్తరువు గీయించుకున్నా, సినిమా తీయించినా, వేరే ఒప్పందం లేకపోతే దానికి తొలి హక్కుదారు తీయించినవాడే అని ఆ సెక్షన్ చెబుతుంది. ఉద్యోగిగా చేసిన పనికి హక్కు యజమానిదే అని కూడా అందులోనే ఉంది. సినిమా కోసం నిర్మాత డబ్బిచ్చి చేయించిన పాటకూ ఇదే వర్తిస్తుందని కోర్టు తేల్చింది. పాట సినిమాలో కలిశాక సినిమాతోపాటు దాన్ని వినిపించే హక్కు నిర్మాతదే, అందుకు రచయితను గానీ స్వరకర్తను గానీ మళ్లీ అడగనక్కర్లేదంది. సినిమాలో భాగంగా కాకుండా విడిగా, ఉదాహరణకు కచేరీలో, ఆ పాటను ప్రదర్శించే హక్కు మాత్రం స్వరకర్తకు ఉంటుందని ఒక్క వాక్యం మిగిల్చింది. ఆ వాక్యం మీద ఎవరి దృష్టీ పడలేదు. దాని అవసరం తర్వాత వచ్చింది.

తీర్పు చివర కృష్ణయ్యర్ తనదిగా కొంత విడిగా రాశారు. దానికి ‘ఫుట్‌నోట్’ అని ఆయనే పేరు పెట్టారు. మన కాపీరైట్ చరిత్రలో మనసున్న పేజీ ఏదంటే నేను దాన్నే చూపిస్తాను. సహ న్యాయమూర్తితో పూర్తిగా ఏకీభవిస్తూనే, ఈ చట్టం ఎంత గుడ్డిదో ఆయన ఎత్తి చూపారు. మన సంగీతంలో శ్రోతను కదిలించేది గాయకుడి గొంతు, ఆ పూట ఆ గొంతులో పుట్టిన భావం. చట్టానికి అవేవీ కనబడవు, కాగితం మీది స్వరాల కూర్పు ఒక్కటే కనబడుతుంది. గాయకుడికి హక్కు లేకపోవడం మన సంగీతం తీరుకే సరిపోని విషయమని, పార్లమెంటు దీన్ని పట్టించుకోవాలని రాశారు. ఉన్న చట్టం ప్రకారం సంఘానికి వ్యతిరేకంగా తీర్పు ఇవ్వక తప్పలేదు. కానీ ఏం మార్చాలో కూడా అదే కాగితం మీద చెప్పి దిగారు.

పార్లమెంటు తొందరపడలేదు. తీర్పు తర్వాత తొందరపడినవాళ్లు ఒప్పందాలు రాసే లాయర్లు. వేరే ఒప్పందం లేకపోతే హక్కు నిర్మాతదే అని కోర్టు అన్నాక, రచయితకు బలం ఉండేది ఆ వేరే ఒప్పందంలోనే. కొత్తగా అవకాశం కోసం మద్రాసులో స్టూడియోల చుట్టూ తిరిగే కుర్రవాడు నిర్మాతతో ఆ మాట ఎత్తగలడా? నిర్మాత ముందు పెట్టిన కాగితం మీద సంతకం పెట్టడమే అతనికి తెలిసింది. ఆ కాగితాల ధోరణి ఏళ్లు గడిచేకొద్దీ ముదిరింది. ఫలానా సినిమాకు ఫలానా మొత్తం పుచ్చుకొని, పాటల మీద సమస్త హక్కులనూ, యావత్ ప్రపంచానికీ, శాశ్వతంగా, ఇప్పుడున్న మాధ్యమాలకూ ఇకముందు కనిపెట్టబోయేవాటికీ కలిపి రాసిచ్చేయడం. నిర్మాత వాటిని ఆడియో కంపెనీకి గంపగుత్తగా అమ్ముకునేవాడు. రికార్డు పోయి క్యాసెట్ వచ్చింది, సీడీ వచ్చింది, ఎఫ్ఎం రేడియో వచ్చింది, కాలర్ ట్యూన్ వచ్చింది. పాత పాట కొత్త డబ్బు తెచ్చిన ప్రతిసారీ రచయిత చేతిలో ఉన్నది ఎప్పుడో పుచ్చుకున్న చెక్కు జ్ఞాపకం.

చట్టం వైపు నుంచి మొదటి కదలిక 1994లో వచ్చింది. సంగీతం కాగితం మీద ఉండాలన్న షరతు ఆ సవరణతో పోయింది. ప్రదర్శకుల హక్కు అని గాయకులను, వాద్యకారులను మొదటిసారి చట్టంలోకి తెచ్చారు. కృష్ణయ్యర్ ఫుట్‌నోట్‌కు పదిహేడేళ్ల తర్వాత! అయినా సినిమాకు పాడటానికి ఒప్పుకున్న గాయకుడికి ఆ హక్కు ఆ సినిమా విషయంలో పనికిరాకుండా పోయింది. మన దేశంలో పాటంటే ముప్పాతిక మువ్వీసం సినిమా పాటే కాబట్టి, ఇచ్చినట్టే ఇచ్చి తీసుకున్నట్టయింది.

అసలు మార్పు 2012లో. గీత రచయిత జావేద్ అఖ్తర్ 2010లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే కాపీరైట్ సవరణ బిల్లు సభ ముందుకొచ్చింది. నిర్మాతల సంఘాలు, ఆడియో కంపెనీలు గట్టిగా అడ్డుపడ్డాయి. ఆయన అంతకంటే గట్టిగా నిలబడ్డారు. 2012 మే 17న రాజ్యసభ, మే 22న లోక్‌సభ బిల్లును ఆమోదించాయి. జూన్ 21 నుంచి అమలు.

ఆ సవరణ సారం ఒక్కటే, కానీ అది గట్టిది. సినిమాలోని పాట సినిమా హాలులో ఆడటం కాకుండా మరో విధంగా ఉపయోగపడి డబ్బు తెస్తే, అందులో హక్కులు కొనుక్కున్నవాళ్లతో సమాన వాటా రచయితకూ స్వరకర్తకూ ఉంటుంది. ఆ వాటాను వాళ్లు వదులుకోవాలనుకున్నా వదులుకోలేరు, అమ్మాలనుకున్నా అమ్మలేరు. చట్టబద్ధ వారసులకో, రాయల్టీ వసూలు చేసే సొసైటీకో తప్ప ఇంకెవరికి రాసిచ్చినా ఆ రాత చెల్లదు. బక్కవాడి సంతకం బలవంతుడి చేతిలో ఏమవుతుందో తెలిసినవాళ్లు రాసిన సెక్షన్ ఇది. రాసిచ్చేనాటికి వాడకంలో లేని మాధ్యమానికి హక్కులు, పేరు పెట్టి ప్రత్యేకంగా చెబితే తప్ప, సంక్రమించవని కూడా చేర్చారు. వాణిజ్యపరంగా వాడుకున్నప్పుడు గాయకులకు రాయల్టీ అన్న మాట కూడా అప్పుడే చట్టంలోకెక్కింది. మరుసటేడే గాయకుల హక్కుల సంఘం సొసైటీగా నమోదైంది. సినిమా హాలును మాత్రం ఈ సవరణ కూడా ముట్టుకోలేదు. 1969లో హాళ్లవాళ్లు దేనికోసం పోరాడారో అది ఇవాళ్టికీ వాళ్ల దగ్గరే ఉంది.

చట్టం మారగానే రేడియో కంపెనీలు డబ్బులు తెచ్చి ఇవ్వలేదు. రికార్డుకు రుసుము కట్టాం, అందులోని సాహిత్యానికీ సంగీతానికీ వేరే కట్టక్కర్లేదని వాదించాయి. 2023 ఏప్రిల్‌లో బొంబాయి హైకోర్టు ఆ వాదన కొట్టేసింది. 2012 తర్వాత పరిస్థితి మారిందని, రచయితలకూ స్వరకర్తలకూ కట్టి తీరాలని చెప్పింది.

ఇక 1977 తీర్పు వదిలిన ఆ ఒక్క వాక్యం సంగతి. 2017 మార్చిలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం అమెరికాలో కచేరీల యాత్రలో ఉండగా ఇళయరాజా తరఫు నుంచి లాయరు నోటీసు అందింది: అనుమతి లేకుండా ఇళయరాజా పాటలు పాడవద్దు. బాలు ఫేస్‌బుక్‌లో ఆ సంగతి చెప్పి, ఇలాంటి చట్టం ఉన్నట్టు తనకు తెలియదని, చట్టాన్ని గౌరవిస్తానని రాసి, మిగతా కచేరీల్లో వేరే సంగీత దర్శకుల పాటలు పాడారు. తెలుగు శ్రోతల గుండె గాయపడింది. బాలు లేకుండా ఇళయరాజా పాట ఏమిటని కోపగించుకున్నవాళ్లు ఇంటింటా ఉన్నారు. నాకూ బాధ కలిగింది. కానీ బాధ వేరు, హక్కు వేరు. టిక్కెట్టు పెట్టి నడిపే కచేరీలో బాణీకి డబ్బు చెల్లించాలన్న మాటలో తప్పు లేదు. చెల్లించాల్సింది గాయకుడు కాదు, కచేరీ పెట్టిన నిర్వాహకుడు. ఆ ఒక్క ముక్క నిర్వాహకులకు ముందే తెలిసి ఉంటే ఇద్దరు పాత స్నేహితుల మధ్య నోటీసు నడవాల్సిన పని ఉండేది కాదు. తర్వాత వాళ్లిద్దరూ మళ్లీ ఒక వేదిక మీద కలిశారు.

ఈ భాగం ముగించే ముందు ఒక విన్నపం. మన చట్టంలో పాట రాసినవారి, బాణీ కట్టినవారి కాపీరైట్ వాళ్లు పోయాక అరవై ఏళ్లు నడుస్తుంది. 1974లో కన్నుమూసిన ఘంటసాల కట్టిన బాణీల మీద కాపీరైట్ 2034 చివరిదాకా ఉంటుంది. 1980లో పోయిన కృష్ణశాస్త్రి పాటల మీద 2040 దాకా, 1989లో పోయిన ఆత్రేయ పాటల మీద 2049 దాకా. ఆ కాపీరైట్ ఎవరి పేరిట ఉందన్నది నాటి కాగితాలు చూస్తే గానీ తేలదు. 2012కు ముందు రాసిచ్చిన హక్కుల మీద వాదోపవాదాలు ఇంకా సాగుతున్నాయి. హక్కులు రాసిచ్చిన కాగితం మీద గడువు రాయకపోతే అయిదేళ్లకే అని, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే అని చట్టంలో ఉంది. సంతకం లేని ఒప్పందం అసలు చెల్లనే చెల్లదు. కాబట్టి సినిమాలకు గానీ, నాటకాల రికార్డులకు గానీ, ప్రైవేటు ఆల్బమ్‌లకు గానీ పాటలు రాసిన, కట్టిన పెద్దలు మీ ఇంట్లో ఉండి ఉంటే, అటక మీది ట్రంకుపెట్టెలో వాళ్ల అగ్రిమెంట్లు, కంపెనీ ఉత్తరాలు, రాయల్టీ రసీదులు ఉన్నాయేమో చూడండి. చెద పట్టకముందే వాటిని ఫొటో తీసి దాచండి. ఒక లాయరుకు చూపించండి. వారసులుగా సొసైటీలో చేరడానికి మీకు అర్హత ఉందేమో కనుక్కోండి.

వచ్చే భాగంలో: క్యాసెట్ వచ్చి పాత కంపెనీల గుత్తాధిపత్యాన్ని కూలదోసిన తీరు, ఒకరి పాటను మరొకరి గొంతుతో అమ్మిన వెర్షన్ రికార్డింగుల కథ.